మన హాస్టల్ కంప్యూటర్‌లో ఆటపెట్టె

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని తమ్ముళ్లు అడిగారు. "పాత విద్యార్థి జ్ఞాపకాలు" అని శీర్షిక కూడా వాళ్లే పెట్టి ఇచ్చారు. అలాంటి వ్యాసాలు మన సంచికలో ప్రతి ఏడూ వస్తున్నాయి. నీళ్ల చారు, తాళం పోయిన ట్రంకు పెట్టె, ఆదివారం కోడికూర కోసం గిన్నె పట్టుకుని నిలబడిన వరుస, ఇవన్నీ మాకూ ఉన్నాయి. మాకంటే ముందు చదివిన అన్నలు వాటి గురించి మాకంటే బాగా రాశారు. అందుకని ఈ ఏడు కంప్యూటర్ గదిలో మేము చేసిన పని గురించి రాస్తామన్నాం. తమ్ముళ్లు సంతోషించారు. అయితే ఆ పని గురించి రాయాలంటే తొమ్మిదేళ్ల కిందటి ఇంకో సంగతి కూడా రాయక తప్పదు.

ముందుగా ఒక మాట. "మేము" అని రాయడం మాకు హాస్టల్‌లో అలవాటైంది. ఇక్కడ ఎవరూ "నేను అన్నం తిన్నాను" అనరు, "మేం తిన్నం" అనే అంటారు. ఒకరు చేసిన తప్పును పది మందికి పంచడానికి అలా రాశామని ఎవరికైనా అనిపిస్తే క్షమించాలి. ఆ పని చేసిన చేతులు రెండే. ఈ వ్యాసం రాస్తున్నవీ అవే.

మాది వేల్పూర్ మండలంలోని ఒక పల్లె. చుట్టూ పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న. మా బాపు ఇతరుల చేలల్లో పసుపు తవ్వేవాడు, ఉడకబెట్టేవాడు. ఫిబ్రవరి నెలంతా ఆయన బట్టలు పసుపు వాసన వేసేవి. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. ఇప్పుడు ఎం.సి.ఎ. చదువుతున్నాం. ఈ చదువు వెనుక బాపు కంటే ఎక్కువగా ఉన్న మనిషి మా కాక, అంటే బాపు తమ్ముడు.

కాకకు పదేళ్లప్పుడు ఆయన ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. తాత అప్పు తెచ్చాడు, అప్పు కింద పిల్లవాణ్ణి పెట్టాడు. బర్లు కాయడం, పేడ తీయడం. అప్పట్లో మా మండలంలో అది వింతేమీ కాదు. 2001లో జిల్లా కలెక్టరుగా ఉన్న జి. అశోక్ కుమార్ గారు వేల్పూర్ మండలంలో బడి బయట ఉన్న పిల్లలందరినీ బడిలో చేర్పించే పని పెట్టుకున్నారు. పల్లె పల్లెనా సభలు జరిగాయి. పిల్లలను పనిలో పెట్టుకున్న ఆసాములు సభలోనే లేచి బాకీలు వదులుకున్నారు. ఆ ఏడాది అక్టోబర్ 2న వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. తర్వాత ఎక్కడెక్కడి నుంచో అధికారులు వచ్చి ఈ సంగతి చూసి వెళ్లారు. ఇవన్నీ మేము పెద్దయ్యాక చదువుకున్నవి. కాకకు మాత్రం ఒకటే గుర్తు. సభలో ఆసామి లేచి, "పో రా, పోయి సదువుకో, నీ బాకీ లేదు" అన్నాడట. కాకకు మొదట భయం వేసిందట, రేపటి నుంచి తిండి ఎవరు పెడతారని.

తిండి ఈ హాస్టల్ పెట్టింది. ఏడేళ్లు ఇక్కడే ఉన్నాడు. పదో తరగతిలో లెక్కలు పోయాయి. రెండోసారీ పోయాయి. తర్వాత దుబాయి. మన వైపు పదో తరగతి పోయినవాడికి అదొక తోవ.

2014లో సెలవు మీద వచ్చినప్పుడు కాక మాకొక వస్తువు తెచ్చాడు. అరచేతిలో పట్టే వెండి రంగు డబ్బా. అద్దంలా మడత తెరిస్తే పైన తెర, కింద మీటలు. గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీ. నింటెండో అనే జపాన్ కంపెనీ 2003లో తెచ్చిన రకం. పాత వస్తువులు అమ్మే చోట కొన్నాడు. క్యాంపులో ఒక గదికి ఎనిమిది మంది. రాత్రి మంచం మీద దుప్పటి కప్పుకుని మొదట తానే ఆడుకున్నాడు. లోపల ఒకటే కార్ట్రిడ్జ్, సూపర్ మారియో అడ్వాన్స్. "నేను నాలుగో లోకం దాక పోయిన, నువ్వు ఇంకా ముంగట్కి పో" అని ఇచ్చాడు.

అంతకుముందు మేము ఎరిగిన ఆటపెట్టె జాతరలో అమ్మే బ్రిక్ గేమ్ ఒక్కటే. పై నుంచి ఇటుకలు పడుతుంటాయి, వరుసలు కట్టాలి. దాని మూలం టెట్రిస్ అనీ, దాన్ని 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన తయారుచేశాడనీ, నింటెండో మొదటి గేమ్ బాయ్‌తో పాటు అమెరికాలో ఆ ఆటనే కలిపి అమ్మిందనీ డిగ్రీలో తెలిసింది. జాతరలో బ్రిక్ గేమ్ కొన్న మనమందరం తెలియకుండానే ఆ వంశం వాళ్లమే. అయితే కాక తెచ్చింది వేరే. దానికి రంగులున్నాయి, కథ ఉంది, పాట ఉంది. హాస్టల్‌లో రాత్రి తొమ్మిదికి లైట్లు తీసేశాక మా మంచం చుట్టూ పదిహేను తలలు ఉండేవి. ఆ రోజులు చదివే అన్నలకు, తమ్ముళ్లకు గుర్తుంటాయి.

2016లో తొమ్మిదో తరగతిలో ఉండగా అది పోయింది. దొంగలెత్తుకుపోయారని మేము చెప్పాం. దీపావళి పోయిన వారం అది. వార్డెన్ సార్ అందరి ట్రంకు పెట్టెలు తెరిపించారు. ఆరో తరగతి పిల్లవాడొకడి పెట్టెలో దాని ఛార్జర్ దొరికింది. వాడికి వైర్లంటే పిచ్చి. పాడైన టార్చిలైటు, రేడియో, ఏది కనబడినా విప్పేవాడు. "నేను దియ్యలేదన్నా, నేను దియ్యలేదు" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. హాస్టల్‌లో ఒక్కసారి దొంగ అని పేరు పడితే ఏమవుతుందో రాయనక్కర్లేదు. సబ్బు పోయినా వాడే, పెన్ను పోయినా వాడే. సంక్రాంతికి ఇంటికి పోయినవాడు తిరిగి రాలేదు. వాళ్ల అమ్మ వచ్చి పెట్టె తీసుకుపోయింది.

ఆ ఆటపెట్టెను అమ్మింది మేము. మండల స్థాయి ఆటల పోటీలకు బూట్లు కావాలి. ఇంట్లో అడగలేము. ఆర్మూర్‌లో ఒక మొబైల్ షాపులో ఐదు వందలకు ఇచ్చేశాం. ఒకటే నోటు. ఛార్జర్ వైరు తెగిందని అంతకు నాలుగు రోజుల ముందు ఆ పిల్లవాడికి ఇచ్చింది కూడా మేమే, బాగు చేస్తానని వాడే అడిగితే. పెట్టె తెరిచి ఛార్జర్ బయటికి తీసినప్పుడు మేము పక్కనే ఉన్నాం. ఒక్క మాట చాలు. ఆ మాట మా నోట రాలేదు.

బూట్లు కూడా కొనలేదు. ఆదివారం వెళ్దామని నోటును సాంఘిక శాస్త్రం పుస్తకంలో పెట్టాం. నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. బ్యాంకుకు తీసుకుపోతే ఎక్కడిది అని అడుగుతారు, ఇంట్లో ఇస్తే ఇంకా అడుగుతారు. ఆ నోటు ఇప్పటికీ మా దగ్గరే ఉంది.

ఇక కంప్యూటర్ సంగతి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థి ఒకరు నిరుడు తమ ఆఫీసులో పక్కన పెట్టిన కంప్యూటరును హాస్టల్‌కు ఇచ్చారు. కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్. విండోస్ వేస్తే తెరుచుకోవడానికే టీ తాగి రావచ్చు. మేము ఆదివారాల్లో వచ్చి దాంట్లో లినక్స్ వేశాం. డెబియన్ 12, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించడానికి గంటన్నర పట్టింది, మధ్యలో కరెంటు పోయి మళ్లీ మొదటి నుంచి ఇంకో గంటన్నర. లినక్స్ ఉచితం, దాని మూలం ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. దాన్ని తెలుగులోకి తేవడానికి స్వేచ్ఛ సంస్థ వాళ్లు, ఇంకా ఎందరో జీతం లేకుండా పనిచేశారు. మెనూలో తెలుగు అక్షరాలు చూసి ఐదో తరగతి పిల్లవాడొకడు, "అన్నా, ఇది మన కంప్యూటరా?" అన్నాడు.

టైపింగ్ నేర్పాం, లెక్కల ఆటలు పెట్టాం. రెండు వారాలకు పిల్లలకు విసుగొచ్చింది. "అన్నా, అసలు గేమ్ పెట్టన్నా" అని గోల. అప్పుడు మాకు ఆ వెండి డబ్బా గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే ఎప్పుడూ మరిచిపోలేదు.

ఒక యంత్రం చేసే పనిని ఇంకో యంత్రంలో అనుకరించి చూపే ప్రోగ్రాంను ఎమ్యులేటర్ అంటారు. తమ్ముళ్లకు మేము ఇలా చెప్పాం. దుబాయిలో అరబ్బు సేటు అరబ్బీలో ఏదో అంటాడు. మలయాళీ ఫోర్‌మన్ దాన్ని హిందీలో చెబితే మా కాక పని చేస్తాడు. ఆటకు తెలిసింది గేమ్ బాయ్ భాష, మన కంప్యూటరుకు తెలిసింది ఇంటెల్ భాష. మధ్యలో నిలబడే దుబాసీ ఎమ్యులేటర్. గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో ఉన్నది ఏఆర్ఎం రకం ప్రాసెసర్, వేగం 16.78 మెగాహెర్ట్జ్. తెర అడ్డంగా 240 చుక్కలు, నిలువుగా 160. సెకనుకు దాదాపు 60 బొమ్మలు మారాలి. మన కంప్యూటర్ పాతదే అయినా దాని కంటే వంద రెట్లకు పైగా వేగం. దుబాసీ పని వేగాన్ని చాలా తినేస్తుంది, అయినా సరిపోయింది.

మేము ఎంచుకున్నది ఎంజీబీఏ అనే ఎమ్యులేటర్. ఇదీ ఉచితమే. పాత గేమ్ బాయ్ ఆటలు, రంగుల గేమ్ బాయ్ ఆటలు, అడ్వాన్స్ ఆటలు మూడూ ఆడిస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, టెర్మినల్ తెరిచి, ఆప్ట్ ఇన్‌స్టాల్ అని దాని పేరు కొడితే రెండు నిమిషాల్లో వచ్చేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆట తెరిస్తే నల్ల తెర. పాట వినబడుతోంది, బొమ్మ లేదు. చప్పట్లు ఆగిపోయాయి. ఒక సాయంత్రమంతా దానితోనే పోయింది. చివరకు తెలిసింది ఏమంటే మన కంప్యూటర్‌లోని పాత గ్రాఫిక్స్ చిప్‌కు అది అడిగే ఓపెన్ జీఎల్ రాదు. సెట్టింగుల్లో డిస్‌ప్లే డ్రైవర్ అనే చోట సాఫ్ట్‌వేర్ అని మారిస్తే బొమ్మ వచ్చింది. శబ్దం పెనంలో నూనె చిటపటలాడినట్టు వచ్చింది, ఆడియో బఫర్ పెద్దది చేస్తే తగ్గింది. కీబోర్డులో ఎక్స్ నొక్కితే ఏ మీట, జెడ్ నొక్కితే బి మీట, ఎంటర్ నొక్కితే స్టార్ట్. బాణం మీటలతో నడక. పిల్లలకు వేరే యూజర్ ఖాతా ఇచ్చాం, ఏదీ చెరిపేయకుండా.

ఏ ఆట పెట్టాలన్నది పెద్ద చిక్కు. ఎమ్యులేటర్ వాడటం తప్పు కాదు. సోనీ కంపెనీ, కనెక్టిక్స్ అనే కంపెనీ మధ్య జరిగిన కేసులో 2000లోనే అమెరికా అప్పీలు కోర్టు ఎమ్యులేటర్ చేసినవాళ్ల వైపు తీర్పు ఇచ్చింది. ఆట సంగతి వేరు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఒక ప్రోగ్రాం న్యాయంగా తన దగ్గర ఉన్నవాడు, అది పాడైపోతే ఆదుకోవడానికి ఒక నకలు చేసి దాచుకోవచ్చు. ఇంటర్నెట్‌లో మారియో దొరుకుతుంది, దింపుకోవడం నిమిషం పని. మా వేలు దాని మీదే ఉంది. కానీ ఆ కార్ట్రిడ్జ్ మాది కాదు, అమ్మేసుకున్నాం. నకలు చేసుకునే హక్కు కూడా ఆ ఐదు వందలకే పోయింది. పిల్లలకు ఈ సంగతి చెప్పకుండా, "అది పెట్టకూడదురా" అని మాత్రం అన్నాం.

అందరూ ఆడుకోవడానికి ఇప్పటికీ కొత్త గేమ్ బాయ్ ఆటలు రాసేవాళ్లు ఉన్నారు. మూలం కూడా తెరిచి ఇస్తారు. తోబు తోబు గర్ల్ అనే ఆట అలా పెట్టాం, ఒక అమ్మాయి పిల్లిని కాపాడటానికి ఆకాశంలోకి ఎగురుతూ పోతుంది. ఊరు కట్టే ఆట ఒకటి ఉంది, మైక్రోసిటీ. మన పిల్లలు ఊరు కట్టి, మొదట కరెంటు కేంద్రం పెట్టడం మరిచి, ఊరంతా చీకటి చేసి నవ్వుకున్నారు.

తర్వాత జీబీ స్టూడియో అని ఇంకోటి. ప్రోగ్రాం రాయడం రాకపోయినా గేమ్ బాయ్ ఆట తయారుచేసుకోవచ్చు. హాస్టల్ కంప్యూటర్‌కు అది బరువైంది. మా లాప్‌టాప్‌లో చేసి, ఫైలు తెచ్చి ఎంజీబీఏలో ఆడించాం. గేమ్ బాయ్ తెర 160 అడ్డం, 144 నిలువు, నాలుగే ఛాయలు. దాన్ని ఎనిమిది చుక్కల గళ్లుగా విడదీస్తారు. ఇంగ్లిష్ అక్షరం ఒక గడిలో కూర్చుంటుంది. మన "క్ష" కూర్చోదు. "స్త్రీ" అసలే కూర్చోదు. తొమ్మిదో తరగతి పిల్లలు గ్రాఫ్ కాగితం మీద తెలుగు అక్షరాలను పదహారు గళ్లకు పదహారు గళ్లలో గీశారు. ఒత్తులు కలిసిపోయాయి, మళ్లీ గీశారు. ఒక దృశ్యంలో 192 కంటే ఎక్కువ వేర్వేరు గళ్లు పట్టవు, అందుకని మాటలు తగ్గించుకోవాల్సి వచ్చింది. వాళ్ల ఆటలో ఒక పిల్లవాడు బర్లను దాటుకుని, పసుపు చేను దాటుకుని, గంట కొట్టేలోపు బడికి చేరాలి. మా కాక కథ వాళ్లకు మేము చెప్పలేదు. బర్లు వాళ్లంతట వాళ్లే పెట్టారు. వేల్పూర్ వైపు పిల్లలు ఇంకేం పెడతారు!

ఇదంతా నడుస్తుండగా కంప్యూటర్ ఆగిపోయింది. మీట నొక్కితే ఫ్యాన్ కూడా తిరగదు. ఎస్.ఎం.పి.ఎస్. పోయిందనుకుని డబ్బా ఎత్తుకుని నిజామాబాద్ పోయాం. రిపేరు షాపుల్లో మూడోది. లోపల ఒకతను తల వంచుకుని సోల్డరింగ్ చేస్తున్నాడు. తల ఎత్తి చూశాడు. మేము గుర్తుపట్టలేదు. అతను పట్టాడు.

"అన్నా, హాస్టల్‌ల ఉండెటోనివి గదా?"

ఇరవై ఏళ్లుంటాయి ఇప్పుడు. తొమ్మిదో తరగతిలో బడి మానేశాడట, ఈ షాపులో నాలుగేళ్ల నుంచి పని నేర్చుకుంటున్నాడట. కంప్యూటర్ విప్పి అరగంటలో బాగు చేశాడు. రెండు కెపాసిటర్లు ఉబ్బాయి, అంతే. ఎక్కడిది అని అడిగితే మన హాస్టల్‌ది అన్నాం. చెయ్యి ఆగింది.

మేము అక్కడే చెప్పేశాం. షాపులో గిరాకీలు ఉండగానే. ఆర్మూర్, ఐదు వందలు, బూట్లు, అన్నీ. అతను మాట్లాడలేదు. స్క్రూలు ఒక్కొక్కటే బిగిస్తూ పోయాడు. చివరి స్క్రూ బిగించాక అన్నాడు:

"ఆ ఛార్జర్ వైరు నేను మంచిగ జేసిననన్నా. తెల్లారి ఇద్దామనుకున్న."

క్షమించమన్నాం. "నాకు జెప్తే ఏమొస్తది? నేను దియ్యలేదని నాకు ఎర్కనే గదా. ఎర్క లేనోళ్లకు జెప్పు" అన్నాడు.

డబ్బులు తీసుకోలేదు. షాపులో పడి ఉన్న పాత యూఎస్‌బీ జాయ్‌స్టిక్ ఒకటి తీసి, పాడైన మీట మార్చి, "పోరగాండ్లకు ఇయ్యి" అని చేతిలో పెట్టాడు. హాస్టల్‌కు రమ్మంటే, "నేనైతే రాను" అన్నాడు.

అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాం. 2016లో మన హాస్టల్‌లో ఉన్న అన్నలు, తమ్ముళ్లు ఈ సంచిక చదువుతారు. ఆ రోజు పెట్టె చుట్టూ నిలబడినవాళ్లకు, ఆ తర్వాత సబ్బు పోయిందని ఆ పిల్లవాణ్ణి అడిగినవాళ్లకు చెబుతున్నాం. వాడు తీయలేదు. అమ్ముకున్నది మేము. పేరు రాయమంటారా అని అతణ్ణి అడిగితే వద్దన్నాడు, కాబట్టి రాయలేదు. ఎవరో మీ అందరికీ తెలుసు. అప్పటి వార్డెన్ సార్ బదిలీ అయి ఎక్కడ ఉన్నారో కనుక్కుని వారికీ ఉత్తరం రాశాం.

జాయ్‌స్టిక్ లినక్స్‌లో పెట్టగానే పట్టుకుంది. ఒక్క మీట తప్పుగా వస్తోంది, కుడికి నొక్కితే కిందికి పోతోంది. ఎమ్యులేటర్ సెట్టింగుల్లో కంట్రోలర్స్ అనే చోటికి పోయి ఒక్కో మీటా నొక్కి మళ్లీ చెప్పుకోవాలి. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఆ పని మాకంటే ముందే చేసేశాడు. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఆట, ఒక్కొక్కరికి పది నిమిషాలు. వార్డెన్ సార్ గోడకు కాగితం అంటించారు. వరుస గురించి రోజూ గొడవే.

కాక వచ్చే నెల సెలవు మీద వస్తున్నాడు. డబ్బా ఎవరో ఎత్తుకుపోయారనే ఆయన ఇప్పటికీ అనుకుంటున్నాడు. సంచిక చేతికందేలోపు ఫోన్ చేయాలి.